మోటారు నిజంగా తిరుగుతోందా?

బోరు ఊరికి కిలోమీటరు దూరం. స్టార్టర్ డబ్బా ఉండేది బోరు పక్కన. కరెంటు ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు పోయిందో, వచ్చినప్పుడు మూడు ఫేజులూ ఉన్నాయో లేవో ఇంటి దగ్గరున్న రైతుకు తెలియదు. తెలుసుకోవాలంటే పొలానికి పోవాల్సిందే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 మే నెలలో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు మొదలైంది. ఆ తర్వాత చాలా ఏళ్లు సరఫరా రోజుకు ఏడు గంటలే, అదీ విడతలుగా. ఒక విడత అర్ధరాత్రి పడితే టార్చిలైటు పట్టుకుని గట్ల వెంట నడిచారు మన రైతులు. మనదేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో ఏటా సగటున 58 వేల మంది చనిపోయారని ఒక జాతీయ అధ్యయనం లెక్కగట్టింది. వాళ్లలో అత్యధికులు పల్లెల్లో ఉండేవాళ్లే. చీకట్లో, తడి నేల మీద నిలబడి పాత స్టార్టర్ డబ్బా మీద చెయ్యి వేయడం ఇంకో ప్రమాదం.

ఈ కష్టానికి రైతులు కనిపెట్టుకున్న మొదటి ఉపాయం ఆటో స్టార్టర్. కరెంటు రాగానే దానంతటదే మోటారు ఆన్ చేస్తుంది. నడక తప్పింది. మడి తడిసిందా, పొర్లిపోతోందా అనేది మాత్రం దానికి పట్టదు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇవ్వబోతూ, ముందు ఆటో స్టార్టర్లు తీసేయండని ప్రభుత్వం ఊరూరా ప్రచారం చేసింది. రేయింబవళ్లు కరెంటు ఉండి, దానికి ఆటో స్టార్టర్ తోడైతే భూగర్భజలం మొత్తం తోడేస్తుందన్న భయం అందులో ఉంది. ఆ భయం న్యాయమైనదే.

ఆటో స్టార్టర్‌కు ఆన్ చేయడం వచ్చు, చూడడం రాదు. ఈ అధ్యాయంలో మనం తలపెట్టింది చూడడం వచ్చిన పరికరం. ఒక చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు, రెండు మూడు సెన్సర్లు, ఒక సిమ్ కార్డు చాలు. భాగాలు కొని తెచ్చుకోవడం తేలిక, ప్రోగ్రాము రాయడం నేర్చుకోవచ్చు. అసలు పని అంతకుముందు కాగితం మీద జరగాలి. ఆ కాగితం మీద ఏం రాసుకోవాలో చూద్దాం.

చేతిలో ఇమిడే కంప్యూటర్

లెక్కలు చేసే భాగం, జ్ఞాపకం, బయటి ప్రపంచంతో మాట్లాడే కాళ్లు, మూడూ ఒకే చిప్పులో ఉంటే అది మైక్రోకంట్రోలర్. అమెరికాలో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కంపెనీ 1974లో టీఎంఎస్1000ను అమ్మకానికి పెట్టింది. అప్పటి నుంచి ఇవి వాషింగ్ మెషీన్లలో, కార్లలో, రిమోట్లలో చేరిపోయాయి. కానీ ఇంజనీర్లు కాని వాళ్లకు విరివిగా అందుబాటులోకి వచ్చింది 2005 తర్వాతే. ఆ ఏడాది ఇటలీలోని ఇవ్రియా అనే పట్టణంలో ఒక డిజైన్ విద్యాసంస్థలో ఆర్డువినో పుట్టింది. కళాకారులు, విద్యార్థులు కూడా వాడుకోగలిగేలా బోర్డునూ సాఫ్ట్‌వేరునూ తయారుచేసి, వాటి నమూనాలను అందరికీ వదిలేశారు. 2016లో షాంఘైకి చెందిన ఎస్ప్రెసిఫ్ కంపెనీ ఈఎస్‌పీ32 తెచ్చింది. ఆర్డువినో యూనోలోని చిప్పుకు పనికొచ్చే జ్ఞాపకం 2 కిలోబైట్లు, ఈఎస్‌పీ32కు 520 కిలోబైట్లు. వైఫై, బ్లూటూత్ కూడా అందులోనే ఉంటాయి. మన పనికి ఇది చాలు, ఇంకా మిగులుతుంది.

ముందు స్టార్టర్ అర్థం కావాలి

బోర్డు కొనేముందు స్టార్టర్ డబ్బా లోపల ఏముందో తెలుసుకోవాలి. 5 హార్స్‌పవర్ మోటార్లకు సాధారణంగా వాడేది డీఓఎల్ (డైరెక్ట్ ఆన్ లైన్) స్టార్టర్. అందులో ముఖ్యమైనవి మూడు. మొదటిది కాంటాక్టర్. దాని కాయిలుకు కరెంటు అందితే అయస్కాంతమై లాగుతుంది, మూడు ఫేజులూ మోటారుకు చేరతాయి. రెండోది ఓవర్‌లోడ్ రిలే. మోటారు ఎక్కువ కరెంటు లాగితే కాసేపట్లో వేడెక్కి తెగ్గొడుతుంది. మూడోది బటన్ల జత. పచ్చ బటన్ నొక్కితే కాయిలుకు దారి కలుస్తుంది. వేలు తీసేసినా కాంటాక్టర్‌లోని ఇంకో చిన్న కాంటాక్టు ఆ దారిని పట్టి ఉంచుతుంది. ఎర్ర బటన్ నొక్కితే ఆ దారి తెగుతుంది. కరెంటు పోతే కాయిలు వదిలేస్తుంది. మళ్లీ వచ్చినా ఎవరో ఒకరు పచ్చ బటన్ నొక్కేదాకా మోటారు కదలదు. కరెంటు రాగానే మోటారు హఠాత్తుగా తిరిగి, దగ్గరున్న మనిషికి ప్రమాదం జరగకూడదని చేసిన ఏర్పాటు ఇది.

మన బోర్డుకు ఇక్కడే చోటు దొరుకుతుంది. మోటారుకు వెళ్లే కరెంటును అది ముట్టుకోనక్కర్లేదు. పచ్చ బటన్‌కు సమాంతరంగా ఒక రిలే కాంటాక్టు కలిపి, దాన్ని ఒక్క సెకను మూసి వదిలితే మనిషి పచ్చ బటన్ నొక్కినట్టే. ఎర్ర బటన్‌తో వరుసలో, మామూలుగా మూసి ఉండే ఇంకో రిలే కాంటాక్టు పెట్టి ఒక్క సెకను తెరిస్తే ఎర్ర బటన్ నొక్కినట్టే. మనిషి వేలు చేసే పని మాత్రమే బోర్డు చేయాలి. ఈ హద్దు పెట్టుకుంటే రెండు మేళ్లు. బోర్డు చెడిపోయినా రైతు చేత్తో మోటారు వేసుకోగలడు, ఆపుకోగలడు. బోర్డు ఏం చెప్పినా ఓవర్‌లోడ్ రిలే తన పని తాను చేస్తుంది.

బజారులో అగ్గిపెట్టె కంటే చిన్నవిగా, నీలిరంగులో దొరికే రిలేల మీద 10 ఆంపియర్లు, 250 వోల్టులు అని ఉంటుంది. అది చూసి చాలామంది వాటితో మోటారునే నేరుగా ఆడించవచ్చనుకుంటారు. ఆ 10 ఆంపియర్లు బల్బులు, హీటర్ల వంటి వాటికి. 5 హార్స్‌పవర్ మోటారు నడిచేటప్పుడు సుమారు 8 ఆంపియర్లు లాగినా, మొదలయ్యేటప్పుడు దానికి ఆరేడు రెట్లు లాగుతుంది. పైగా పొలాల స్టార్టర్లలో కాయిలు చాలాచోట్ల రెండు ఫేజుల మధ్య, అంటే 415 వోల్టుల మీద ఉంటుంది. 250 వోల్టుల రిలే ఆ కాయిలుకు కూడా సరిపోదు. అందుకే చిన్న రిలేకూ స్టార్టర్‌కూ నడుమ ఒక సహాయక కాంటాక్టర్ ఉండాలి. దాని కాయిలు తక్కువ డీసీ వోల్టేజీతో పనిచేయాలి, దాని కాంటాక్టులు 415 వోల్టులకు తగినవై ఉండాలి. డబ్బాలోపల తీగలు కలిపే పని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేతుల మీదుగా, మెయిన్ తీసేసి, టెస్టర్‌తో చూసుకున్నాకే జరగాలి. 415 వోల్టుల దగ్గర అభిరుచితో చేసేవాళ్లకూ వృత్తిగా చేసేవాళ్లకూ తేడా ఉండదు. ప్రమాదం ఇద్దరికీ ఒకటే.

చెప్పిన పని జరిగిందా?

ఫోన్లో "ఆన్" అని నొక్కితే తెర మీద పచ్చ చుక్క వెలుగుతుంది. చాలా ప్రాజెక్టుల్లో ఆ పచ్చ చుక్కకు ఆధారం, మనం ఆజ్ఞ పంపామన్న సంగతి ఒక్కటే. రిలే కదిలిందా, కాంటాక్టర్ పట్టిందా, మోటారు తిరిగిందా, నీళ్లు పడ్డాయా అన్నది దానికి తెలియదు. నాలుగు మెట్లలో ఏ ఒక్కటి తప్పినా ఇంట్లో కూర్చున్న మనిషి నీళ్లు పారుతున్నాయనే నమ్ముతాడు. ఏమీ తెలియకపోవడం కంటే ఈ తప్పుడు నమ్మకం ఎక్కువ చెరుపు చేస్తుంది. తెలియనివాడు పోయి చూస్తాడు, నమ్మినవాడు పోడు.

కాబట్టి తెర మీద కనిపించే ప్రతి మాటా కొలిచిన సంగతి అయి ఉండాలి. మోటారు స్థితి చెప్పడానికి అన్నిటికంటే నమ్మదగిన సాక్షి అది లాగుతున్న కరెంటు. దాన్ని కొలవడానికి తీగ తెంపనక్కర్లేదు. తీగ చుట్టూ పట్టుకునే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్లు దొరుకుతాయి, వాడుకలో సీటీ అంటారు. ఎస్‌సీటీ-013 రకంలో ఒక నమూనా, తీగలో 100 ఆంపియర్లు పారితే 50 మిల్లీఆంపియర్లు బయటికిస్తుంది. మన మోటారు 8 ఆంపియర్లకు 4 మిల్లీఆంపియర్లు వస్తాయి. దాన్ని 33 ఓముల నిరోధకం గుండా పంపితే 0.13 వోల్టు. ఈ వోల్టేజీ సున్నాకు అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి, మొత్తం సున్నాకు పైనే ఉండేలా ఎత్తి ఇస్తేనే ఈఎస్‌పీ32 దీన్ని చదవగలదు. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది కాబట్టి ఒక్క క్షణం చదివి వదిలితే ఏ అంకె అయినా రావచ్చు. పది ఊపుల పాటు, అంటే 200 మిల్లీసెకన్ల సేపు, వరుసగా చదివి, ఎత్తిన మేర తీసేసి, వర్గాల సగటుకు వర్గమూలం తీయాలి. ఇక్కడ రెండు జాగ్రత్తలున్నాయి. తీగలో కరెంటు పారుతుండగా నిరోధకం లేకుండా సీటీ కొసలను ఖాళీగా వదలకూడదు, వాటి మధ్య ప్రమాదకరమైన వోల్టేజీ పుట్టవచ్చు. ఈఎస్‌పీ32లో ఏడీసీ2 అనే గుంపు కాళ్లు వైఫై వాడుతుండగా చదవవు కాబట్టి ఏడీసీ1 కాళ్లనే ఎంచుకోవాలి.

మూడు ఫేజులకూ మూడు సీటీలు పెడితే మోటారు తన కథంతా చెబుతుంది. మూడూ సున్నా అయితే ఆగి ఉంది. మూడూ 8 ఆంపియర్ల దగ్గర ఉంటే సవ్యంగా తిరుగుతోంది. మూడూ మామూలు కంటే బాగా తగ్గితే మోటారు తిరుగుతోంది గానీ బోరులో నీళ్లు లేవు. ఎత్తడానికి బరువు లేదు కాబట్టి కరెంటు తగ్గింది. సబ్‌మెర్సిబుల్ మోటారు చల్లబడేదే చుట్టూ ఉన్న నీటితో, దాన్ని వట్టిగా తిప్పితే చెడిపోతుంది. ఒక ఫేజు సున్నా అయి మిగతా రెండూ 14 ఆంపియర్ల దాకా ఎగబాకితే ఒక ఫేజు పోయిందన్నమాట. పల్లెల్లో మోటార్లు కాలిపోయి వైండింగుకు వెళ్లడానికి పెద్ద కారణాల్లో ఇదొకటి. మూడూ ఎక్కువైతే ఇసుక పట్టి పంపు బిగుసుకుపోయి ఉండవచ్చు.

వోల్టేజీ కొలిచి ఫేజు ఉందో లేదో తేల్చవచ్చు కదా అనిపిస్తుంది. అదొక్కటే చాలదు. లైనులో ఒక ఫేజు పోయినా, అదే ట్రాన్స్‌ఫార్మర్ మీద అప్పటికే తిరుగుతున్న పక్క పొలాల మోటార్లు ఆ పోయిన ఫేజులోకి కొంత వోల్టేజీని వెనక్కి పుట్టిస్తాయి. మీటరు ఏదో అంకె చూపిస్తుంది, ఫేజు ఉందనిపిస్తుంది. మోటారు వేసేముందు వోల్టేజీ చూడాలి, వేశాక కరెంటు చూడాలి. రెండు సాక్ష్యాలూ కలిస్తేనే తీర్పు చెప్పాలి.

కబురు ఏ దారిన పోవాలి?

ఫోనుతో మోటారు వేయడం మనదేశానికి కొత్త కాదు. పుణెకు చెందిన ఇంజనీరు సంతోష్ ఓస్త్వాల్ తయారుచేసిన "నానో గణేశ్" 2009లో నోకియా నిర్వహించిన ఆవిష్కరణల పోటీలో బహుమతి గెలిచింది. ఆ తరం పరికరాలు ఎక్కువగా ఫోను మీటల శబ్దాలతో పనిచేసేవి. ప్రతి మీటా రెండు స్వరాలు కలిపి పంపుతుంది. 5 నొక్కితే 770, 1336 హెర్ట్‌జుల స్వరాలు కలిసి వెళ్తాయి. అవతల ఒక చిన్న చిప్పు వాటిని గుర్తుపట్టి మీట ఏదో చెబుతుంది. డేటా లేని రోజుల్లో చక్కని ఉపాయం.

ఇప్పుడు దారులు ఎక్కువ. పొలంలో సెల్ సిగ్నల్ ఉంటే సిమ్ మాడ్యూల్ పెట్టవచ్చు. చవకగా దొరికే సిమ్800ఎల్ మాడ్యూల్ 2జీ మీదే పనిచేస్తుంది. 2016లో మొదలైన జియోకు 2జీ అసలు లేదు కాబట్టి ఆ సిమ్ అందులో పనిచేయదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు 4జీ మాడ్యూల్ తీసుకోవడం మంచిది. సిగ్నల్ అందని లోయలో బోరు ఉండి, ఇంట్లో వైఫై ఉంటే లోరా అనే రేడియో పద్ధతి ఉంది. మనదేశంలో 865 నుంచి 867 మెగాహెర్ట్‌జుల మధ్య, నిర్ణీత శక్తికి లోబడి, లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు. చెట్లూ గుట్టలూ అడ్డం లేకపోతే కిలోమీటర్ల దూరం పోతుంది.

ఎస్సెమ్మెస్ సరళమైనది. ఇంగ్లీషులో 160 అక్షరాలు పడితే తెలుగులో 70 సంకేతాలే పడతాయి. "మోటారు ఆగింది. నీళ్లు లేవు." అని చెప్పడానికి అది చాలు. పెద్ద చిక్కు ఆలస్యం. మధ్యాహ్నం పంపిన "ఆన్" కబురు నెట్‌వర్క్‌లో నిలిచిపోయి రాత్రి చేరవచ్చు. ఎవరూ లేని వేళ మోటారు తిరగడం మొదలవుతుంది. ఎస్సెమ్మెస్‌తో పాటు అది నెట్‌వర్క్‌కు అందిన సమయం కూడా వస్తుంది. బోర్డు దాన్ని చూసి, ఐదు నిమిషాలు దాటిన ఆజ్ఞను చెల్లనిదిగా పక్కన పెట్టాలి. "ఆఫ్" ఎంత ఆలస్యంగా వచ్చినా పాటించవచ్చు.

డేటా దారిలో పోతే ఎంక్యూటీటీ అనే పద్ధతి మనకు బాగా సరిపోతుంది. 1999లో ఆండీ స్టాన్‌ఫర్డ్-క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ అనే ఇద్దరు ఇంజనీర్లు దీన్ని రూపొందించారు. ఎక్కడో ఎడారిలో ఉన్న చమురు పైపులైన్లను ఉపగ్రహం ద్వారా గమనించడం వాళ్ల అవసరం. లింకు ఖరీదైనది, నమ్మకం లేనిది. అందుకని చిన్న చిన్న సందేశాలతో సరిపెట్టేలా చేశారు. పరికరం చెప్పకుండా మాయమైతే దాని తరఫున సర్వర్ అందరికీ చెప్పాల్సిన మాటను ముందుగానే అప్పగించి ఉంచే ఏర్పాటు ఇందులో ఉంది. బోరు దగ్గరి బోర్డు మౌనంగా పడి ఉంటే "సంబంధం తెగిపోయింది" అని ఫోన్లో కనిపిస్తుంది. పాత స్థితినే చూసి మోసపోయే అవకాశం ఉండదు. చివరి సందేశాన్ని సర్వర్‌లో నిలిపి ఉంచే వీలు కూడా ఉంది. దాన్ని స్థితి చెప్పే సందేశాలకే వాడాలి. ఆజ్ఞలకు వాడితే, నెట్‌వర్క్ తెగి మళ్లీ కలిసిన ప్రతిసారీ పాత "ఆన్" కొత్తగా వచ్చి చేరుతుంది.

బోర్డుకు కరెంటు ఎవరిస్తారు?

కరెంటు పోయిందన్న కబురు పంపాలంటే, కరెంటు పోయినప్పుడు కూడా బోర్డు బతికి ఉండాలి. అంటే బ్యాటరీ తప్పదు. ఎంత బ్యాటరీ అన్నది లెక్క వేసి తేల్చాలి. బోర్డు, 4జీ మాడ్యూల్ కలిసి, సగం నిద్రలో ఉంటూ, 5 వోల్టుల దగ్గర సగటున 60 మిల్లీఆంపియర్లు తీసుకుంటాయనుకుందాం. అంటే 0.3 వాటు. వోల్టేజీ తగ్గించే సర్క్యూట్ తినేదాంతో కలిపి 0.35 వాటు. 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ల లెడ్ బ్యాటరీలో 84 వాట్-అవర్లు ఉంటాయి. దాని ఆయుష్షు కోసం సగమే వాడుకున్నా 42 వాట్-అవర్లు. 0.35తో భాగిస్తే 120 గంటలు, అంటే ఐదు రోజులు. గాలివానకు స్తంభాలు పడి లైను బాగుచేసేదాకా చాలాసార్లు ఇది సరిపోతుంది. లిథియం సెల్లు చిన్నవి, తేలికైనవి. కానీ మే నెల ఎండలో ఇనుప డబ్బా లోపలి వేడి 45 డిగ్రీలు దాటుతుంది, ఆ వేడిలో లిథియం సెల్లు చార్జి చేయడం మంచిది కాదు.

సగటుతో పాటు గరిష్ఠం కూడా చూసుకోవాలి. 2జీ మాడ్యూల్ టవరుతో మాట్లాడే క్షణంలో 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. సన్నటి తీగలు, చిన్న అడాప్టరు ఉంటే ఆ క్షణంలో వోల్టేజీ కుంగి మాడ్యూల్ ఆగి మళ్లీ మొదలవుతుంది. ప్రోగ్రాములో తప్పుందనుకుని రోజులు వెతుకుతారు, అసలు తప్పు తీగలో ఉంటుంది. మాడ్యూల్ పక్కనే పెద్ద కెపాసిటర్, పొట్టి లావు తీగలు పెట్టాలి.

డబ్బా సంగతి కూడా రాసుకోండి. నీరు, దుమ్ము చొరని ఐపీ65 రకం డబ్బా, తీగలు దూరే చోట గ్లాండులు, పిడుగు తాకిడిని కొంతైనా తట్టుకోవడానికి వేరిస్టర్, ఫ్యూజు, మంచి ఎర్తింగ్ ఉండాలి. చీమలు, బల్లులు వెచ్చదనం కోసం డబ్బాల్లోకి చేరి కాంటాక్టుల మధ్య పడి చస్తాయి. ఒక్క రంధ్రం కూడా వదలకండి.

ఏది చెడితే ఏం కావాలి?

పథకంలో అన్నిటికంటే విలువైన పేజీ ఇది. ఎడమవైపు చెడిపోగలిగినవన్నీ రాయాలి, కుడివైపు అప్పుడు మోటారు ఏ స్థితిలో ఉండాలో రాయాలి.

నెట్‌వర్క్ పోతే? తిరుగుతున్న మోటారును తిరగనివ్వవచ్చు. కానీ ప్రతి "ఆన్"కూ ఒక గడువు ఉండాలి. మూడు గంటలు అని చెబితే, ఇంకో ఆజ్ఞ వచ్చినా రాకపోయినా, మూడు గంటలకు బోర్డే ఆపాలి. ఆటో స్టార్టర్‌లో లేనిది ఇదే. సీటీ తీగ ఊడిపోతే? "ఆన్" అన్నాక పది సెకన్లలో కరెంటు కనిపించకపోతే "ఆఫ్" చేసి, "మోటారు మొదలైనట్టు ఆధారం లేదు" అని కబురు పంపాలి. నీళ్లు లేక ఆగితే? బోరులో నీరు ఊరడానికి వ్యవధి ఇవ్వాలి. ఆ వ్యవధి బోరును బట్టి ఉంటుంది, రైతు చెప్పిందే ప్రమాణం.

బోర్డు మొదలయ్యే క్షణం మీద కూడా కన్నుండాలి. ఈఎస్‌పీ32లో కొన్ని కాళ్లు, ప్రోగ్రాము ఇంకా పగ్గాలు పట్టకముందే, ఒక్క క్షణం వెలిగి ఆరతాయి. రిలే ఆ కాలికి కట్టి ఉంటే ఎవరూ చెప్పకుండానే మోటారు మొదలవుతుంది. అలాంటి కాళ్లను వదిలేయాలి. మొదలయ్యాక బోర్డు చేసే మొదటి పని కరెంటు కొలవడం. తాను పడుకుని లేచేలోపల మోటారు తిరుగుతూ ఉండవచ్చు, ఎవరో చేత్తో వేసి ఉండవచ్చు.

ప్రోగ్రామే ఎక్కడో చిక్కుకుపోతే? దానికి వాచ్‌డాగ్ అనే గడియారం ఉంది. ప్రోగ్రాము బాగున్నంతసేపూ ఆ గడియారాన్ని మళ్లీ మళ్లీ సున్నాకు తిప్పుతుంది. తిప్పలేదంటే ఇరుక్కుపోయినట్టు లెక్క. గడియారం బోర్డును మళ్లీ మొదలుపెట్టిస్తుంది. 1997 జులై 4న అంగారకుడి మీద దిగిన పాత్‌ఫైండర్ నౌకను కాపాడింది ఇదే. దిగిన కొద్ది రోజులకు దాని కంప్యూటర్ పదేపదే మళ్లీ మొదలవసాగింది. ఒక ముఖ్యమైన పనికి కావలసిన వనరును అప్రధానమైన పని పట్టుకుని ఉండిపోవడం కారణం. వాచ్‌డాగ్ లేకపోతే నౌక మూగబోయేది. ఉంది కాబట్టి ప్రతిసారీ లేచి మాట్లాడింది. ఇంజనీర్లు భూమి మీద అదే తప్పును తిరిగి పుట్టించి, కారణం పట్టుకుని, సవరణను రేడియో ద్వారా పంపారు. రేడియో కబురు ఒక్క వైపు చేరడానికే పది నిమిషాలు దాటే దూరం అది. ఈఎస్‌పీ32లో వాచ్‌డాగ్ ఉంది, వాడుకోవడమే మన పని.

మన పొలం దాటి ఆలోచించాల్సింది కూడా ఒకటుంది. 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ నిండుగా ఇవ్వగలిగేది ఫేజుకు సుమారు 133 ఆంపియర్లు. దాని మీద 5 హార్స్‌పవర్ మోటార్లు పదిహేను ఉంటే 120 ఆంపియర్లు, సరిపోతుంది. కరెంటు రాగానే పదిహేనూ ఒకేసారి మొదలైతే ఒక్కోటి ఆరు రెట్లు లాగి 720 ఆంపియర్లు అడుగుతాయి. వోల్టేజీ కుంగుతుంది, ఏ మోటారూ వేగం అందుకోదు, అన్నీ ఎక్కువ కరెంటు లాగుతూనే ఉంటాయి, ఫ్యూజులు పోతాయి. కరెంటు వచ్చాక తిరిగి మొదలుపెట్టే ఏర్పాటు మీ బోర్డులో ఉంటే, అర నిమిషం నుంచి ఐదు నిమిషాల మధ్య యాదృచ్ఛికంగా ఎంచుకున్న వ్యవధి ఆగి మొదలవ్వాలి. ఒక్క వరుస ప్రోగ్రాముతో ఊరి ట్రాన్స్‌ఫార్మర్‌కు మేలు జరుగుతుంది.

తాళం వేయాలి

2016 అక్టోబరులో మిరాయ్ అనే దుష్ట ప్రోగ్రాము లక్షల సంఖ్యలో ఇంటర్నెట్ కెమెరాలను, రౌటర్లను లోబరచుకుని అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లు అందకుండా చేసింది. ఆ పరికరాల్లోకి అది దూరింది కంపెనీ పెట్టిన పాస్‌వర్డులను ఎవరూ మార్చకపోవడం వల్ల. మోటారు వేసే అధికారం ఉన్న బోర్డుకు జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. సొంత పాస్‌వర్డ్, గుప్తీకరించిన లింకు, అనుమతి ఉన్న ఫోను నంబర్ల జాబితా మొదటి రోజునుంచే ఉండాలి. ఫోను నంబరును అబద్ధంగా చూపించే మార్గాలున్నాయి కాబట్టి, మిస్డ్ కాల్‌తో మోటారు ఆపడం వరకే ఉంచి, వేయడానికి రహస్య సంఖ్య అడగడం మేలు.

చూడడం, ఆపడం, ఆ తర్వాతే వేయడం

కాగితం మీద పథకం సిద్ధమయ్యాక అంతా ఒకేసారి కట్టాలని తొందర పుడుతుంది. మెట్లు మెట్లుగా వెళ్లండి. మొదటి మెట్టులో బోర్డు చూస్తుంది, చెబుతుంది, అంతే. రిలే అసలు ఉండదు. కరెంటు ఎప్పుడు వచ్చింది, మోటారు ఎంతసేపు తిరిగింది, ఎన్ని ఆంపియర్లు లాగింది అన్న లెక్కలు కొన్ని వారాలు పోగు చేయండి. ఆ అంకెలను రైతు చెప్పిన మాటతో పోల్చండి. నీళ్లు తగ్గినప్పుడు మీ బోరులో కరెంటు ఎంతకు పడిపోతుందో ఏ పుస్తకమూ చెప్పలేదు, ఈ వారాల లెక్కే చెబుతుంది. దూరపు కాపలా వల్ల కలిగే లాభంలో పెద్ద భాగం ఈ మెట్టులోనే దక్కుతుంది, అదీ ఎలాంటి ప్రమాదం లేకుండా.

రెండో మెట్టులో ఆపే అధికారం ఇవ్వండి. ఫేజు పోతే, నీళ్లు తగ్గితే, గడువు ముగిస్తే బోర్డు ఆపుతుంది. పొరపాటున ఆపినా పోయేది ఒక తడి. ఈ మెట్టును మొదట బల్ల మీద, మోటారు బదులు బల్బు పెట్టి పరీక్షించాలి. సీటీ పీకి చూడండి, సిమ్ తీసి చూడండి, బ్యాటరీ ఊడదీసి చూడండి. ఆ పేజీలో కుడివైపు రాసుకున్నట్టే ప్రతిసారీ జరిగిందా అని సరిచూసుకోండి.

ఇవన్నీ నమ్మకంగా నడిచాక మూడో మెట్టు, దూరం నుంచి మోటారు వేయడం. అప్పుడు కూడా డబ్బా మీద "దూరం నుంచి – చేతితో" అని మార్చుకునే స్విచ్ ఒకటి తప్పనిసరి. బోరు దగ్గర ఎవరైనా పని చేస్తున్నప్పుడు దాన్ని "చేతితో" వైపు తిప్పితే ఫోను ఆజ్ఞ రిలే దాకా చేరకూడదు. ఆ స్విచ్ ప్రోగ్రాముకు సంకేతం ఇస్తే సరిపోదు, తీగనే తెంచాలి. మోటారు పైకి తీసేటప్పుడు, కేబులు బాగుచేసేటప్పుడు ఆ స్విచ్‌తో సరిపెట్టుకోకుండా మెయిన్ కూడా తీసేయాలి.

చదువుకునే పిల్లలున్న రైతు కుటుంబాలు మన రెండు రాష్ట్రాల్లో లక్షలున్నాయి. ఇంజనీరింగ్, డిప్లొమా, ఐటీఐ చదివే ఆ పిల్లలు కాలేజీ ప్రాజెక్టు కోసం ఎక్కడెక్కడి సమస్యలో వెతకనక్కర్లేదు. సొంత పొలంలోని స్టార్టర్ డబ్బా ముందు నిలబడితే చాలు. ఈ సెలవుల్లో ఒక నోటుపుస్తకం తీసుకోండి. మీ ఊరి ఎలక్ట్రీషియన్‌ను, మీ నాన్ననో తాతనో పక్కన కూర్చోబెట్టుకుని, మోటారు ఎన్ని రకాలుగా మొరాయిస్తుందో అడిగి రాసుకోండి. ఆ జాబితా పూర్తయ్యేదాకా ఒక్క భాగం కూడా కొనకండి.